ఎదురుకాళ్ళ కోడలు

“దించుతూనే ఉన్నానమ్మాయ్. అదే దిగట్లేదు,” అన్నారు శాంతకుమారి.

మంచం అంచున కూర్చుని ఉన్నారావిడ. ఎడమకాలు నేలకి ఆనింది. కుడికాలు మాత్రం పరుపు మీదే ఉండిపోయింది. రెండు చేతులూ మోకాలి కింద పెట్టి ఎత్తబోయారు. నడుంలో పోటు పొడిచింది కాబోలు, పెదవి కొరుక్కుని ఆగిపోయారు.

కోడలు శాంభవి ఎదురుగా నిలబడి ఉంది. పట్టుకుని దించాలో, అసలు ముట్టుకోకూడదో తెలియక చేతులు చున్నీకి తుడుచుకుంటోంది. ఆ చేతులకి తడేమీ లేదు.

“బాగా నొప్పిగా ఉందా అత్తయ్యగారూ?”

“నడుంలో ఉంది. తొడ మీద మాత్రం గిల్లుకున్నా తెలియట్లేదు. ఎవరిదో కాలు తెచ్చి నాకు తగిలించినట్టుంది.”

కాఫీ గ్లాసు పట్టుకుని నాగవల్లి లోపలికొచ్చింది. ఆ ఇంటి ఆడపడుచు. హనుమాన్ జంక్షన్‌లో కాపురం. తల్లికి నడుం డిస్క్ జారిందని ఫోన్లో విని, నాలుగు రోజులు ఉండి చూసుకుంటానని వచ్చింది. అసలు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. వల్లి నోట్లో నువ్వుగింజ నానదని తండ్రీ అన్నా ఎప్పుడో తీర్మానించుకున్నారు.

“కంగారుపడకమ్మా,” అంది వల్లి. “నరం పట్టు వదిలేటప్పుడు ఇలాగే తిమ్మిరెక్కుతుంది. జంక్షన్‌లో మా పక్కింటావిడకీ ఇంతే. తొక్కించుకున్నాక రెండ్రోజులు మంచం దిగలేదు. తర్వాత లేచి పచ్చళ్ళు కూడా పెట్టింది.”

గుమ్మంలో నిలబడిన కొడుకు ఉదయభాస్కర్ అప్పుడే డాక్టరుకి ఫోన్ చేసి పెట్టేశాడు. ఆ మాట విని ఆగాడు.

“తొక్కించుకోడమేంటి?”

“వదిన చెప్పలేదా నీకు? ఆదివారం పొద్దున తొక్కింది కదా అమ్మకి.”

ఉదయభాస్కర్ భార్య వైపు చూశాడు. శాంభవి నేల వైపు చూసింది. మంచం మీది మనిషి మాత్రం కోడల్ని వెనకేసుకొచ్చింది.

“దాన్నేమీ అనకురా. చెయ్యనంటే చెయ్యనంది. నేనే పట్టుబట్టాను. ఇంట్లో ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లని పెట్టుకుని ఊళ్ళోవాళ్ళని వెతుక్కోవడం ఏంటని.”

శాంభవి కాళ్ళు ముందు బయటికొచ్చి పుట్టింది. అలా పుట్టినవాళ్ళు పాదం మోపితే నడుం పట్టు వదులుతుందని కృష్ణా జిల్లాలో చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు, కాకపోతే కాస్త సిగ్గుపడుతూ నమ్ముతారు. చిన్నప్పుడు ఆమె పుట్టింటి అరుగు మీద ఆదివారం తెల్లవారేసరికి ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవారు. నిద్రకళ్ళతో వచ్చి తొక్కేసి, వాళ్ళిచ్చే అరటిపండు తీసుకుని మళ్ళీ పడుకునేది. పుట్టిల్లు కూచిపూడి పక్కనే అంటే అందరూ నాట్యం వచ్చా అని అడుగుతారు. ఆమె నేర్చిన అడుగులన్నీ ఊళ్ళోవాళ్ళ నడుముల మీద వేసినవే.

“శాంభవీ, ఒకసారి వంటింట్లోకి రా,” అన్నాడు ఉదయభాస్కర్.

హాల్లో తండ్రి నాగేశ్వరరావు టీవీ దగ్గరికి వెళ్ళి భక్తి చానెల్ సౌండు పెంచారు. సత్యనారాయణపురంలోని ఆ ఇంట్లో గొడవ మొదలయ్యే ముందు ఆయన చేసే పని అదొక్కటే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల పక్కన ఉద్యోగం చేసి చేసి, చప్పుడులో ఏ మాటైనా మునిగిపోతుందని ఆయనకి గట్టి నమ్మకం.

వంటింట్లో ఉదయభాస్కర్ గొంతు తగ్గించాడు. తగ్గించాక అది ఇంకా భయంకరంగా ఉంది.

“వల్లికి తెలీదు. అమ్మకి తెలీదు. నీకు తెలుసు కదా.”

“తెలుసు.”

“ఎముకని లోపలినుంచి కాన్సర్ తినేస్తోందని స్కానింగ్‌లో నీకు కూడా చూపించాడు కదా డాక్టరు. గట్టిగా తుమ్మినా కుంగొచ్చన్నాడు. పిల్లలకి బోర్డు మీద వెన్నెముక బొమ్మ గీసి జువాలజీ చెప్తావు కదే. ఎక్కి తొక్కావా?”

“ఎక్కలేదు. ఒక పాదం ఆనించాను.”

“ఎందుకు ఆనించావు?”

“ఏమని మాననండీ?” అంది శాంభవి. ఆమె గొంతు కూడా మారింది. “డిస్క్ అని చెప్పింది మనం. డిస్క్ అయితే తొక్కితే తప్పేంటని ఆవిడ అడిగారు. చదువుకున్నానన్నాను. ‘నా చీర మీద కాలు పెట్టడానికి నామోషీనా’ అన్నారు. పెద్దవాళ్ళని తొక్కకూడదన్నాను. ‘నేను చెప్తున్నా కదా’ అన్నారు. ఇంకేం చెప్పమంటారు? ఒక్క మాటే మిగిలింది. ఆ మాట చెప్పనని మీరు నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

“నాకు ఫోన్ చెయ్యొచ్చుగా.”

“చేశాను. ఆదివారం కూడా ఆఫీసుకెళ్ళి, మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టారు.”

ఉదయభాస్కర్ గట్టు మీద చెయ్యి ఆనించి తల దించుకున్నాడు. అప్పుడు చూశారు ఇద్దరూ. వంటింటి గుమ్మంలో వల్లి నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు వంగిపోయి నేల మీద కారుతోంది.

“కాన్సర్ అన్నావు ఇప్పుడు,” అంది.

శాంభవి వెళ్ళి ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టింది.

“ఏడేళ్ళ కింద రొమ్ములో గడ్డ తీసినప్పుడు అయిపోయిందన్నారుగా. అదేనా మళ్ళీ?”

“నడుం ఎముకలోకి వచ్చింది,” అన్నాడు ఉదయభాస్కర్.

“నేను ఈ ఇంటి మనిషిని కాదా అన్నయ్యా? తొక్కించుకోమని అమ్మకి చెప్పింది నేనే. నా నోటితో నేనే చెప్పాను. ముందే ఒక్క ముక్క చెప్పుంటే నేను చెప్పేదాన్నా?”

బయట అంబులెన్స్ వచ్చి ఆగింది. వల్లి కళ్ళు తుడుచుకుని, తల్లి గదిలోకి వెళ్ళేసరికి మొహం మామూలుగా పెట్టేసుకుంది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు.

*

అంబులెన్స్ ఏలూరు రోడ్డెక్కింది. స్కూలు బస్సుల మధ్య పడి నత్తలా నడుస్తోంది. డాక్టరు కూర్చోబెట్టొద్దన్నాడని శాంతకుమారిని పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి పట్టీలు కట్టారు. పక్కన శాంభవి, కాళ్ళ దగ్గర నాగేశ్వరరావు కూర్చున్నారు. ఆయన భార్య కుడి పాదం మీద చెయ్యి వేసి ఉంచారు. ఆవిడకి ఆ చెయ్యి తెలుస్తోందో లేదో అడగలేదు.

“అమ్మాయ్,” అన్నారు శాంతకుమారి.

“చెప్పండత్తయ్యగారూ.”

“కాలేజీకి ఫోన్ చేశావా? పరీక్షల రోజులు.”

“చేశానండీ.”

“నీ మొహం చూస్తే నాకే భయమేస్తోంది. డిస్క్‌కి ఎవరూ చచ్చిపోరు. బుధవారం ఇస్తానన్న ఇంజెక్షన్ ఇవాళే ఇచ్చేస్తాడు, అంతే కదండీ?”

చివరి మాట భర్తతో. నాగేశ్వరరావు తల ఊపారు.

“ఒక్క మాట చెప్పనా,” అన్నారావిడ కోడలి చెయ్యి పట్టుకుని. “నువ్వు సరిగ్గా తొక్కలేదు. భయపడుతూ తొక్కావు. మొదటిసారి పిల్లి నడిచినట్టుంది. గట్టిగా అన్నాక రెండోసారి కాస్త నయం. తగ్గి ఇంటికొచ్చాక మళ్ళీ తొక్కుదువుగాని.”

శాంభవికి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకుంటే ఎందుకు తీసుకున్నావని అడుగుతారేమోనని అలాగే ఉంచింది. ఎదురుగా మావగారు కిటికీలోంచి బస్సుల్ని చూస్తున్నారు. ఆ క్షణంలో ఆ మనిషి మీద ఆమెకి కలిగింది కోపం కాదు, అసహ్యం. అలా అనిపించినందుకు వెంటనే తన మీద తనకే సిగ్గేసింది.

*

సూర్యారావుపేటలోని ఆస్పత్రిలో డాక్టర్ జయదేవ్ వచ్చీరాగానే తీయించిన స్కానింగ్‌ని వెలుగుపెట్టెకి తగిలించి చాలాసేపు చూశాడు. నలభై దాటిన మనిషి. గొంతు పెంచడం తెలియదంటారు. ఇవాళ కూడా పెంచలేదు గానీ, కూర్చోమని ఎవర్నీ అనలేదు.

“ఎముక ఇంకాస్త కుంగింది. కుంగి పక్కనున్న నరాన్ని నొక్కుతోంది. అందుకే కాలు లేవట్లేదు. పడ్డారా? బరువేమైనా ఎత్తారా?”

“లేదు సార్,” అన్నాడు ఉదయభాస్కర్.

“నేను తొక్కానండీ,” అంది శాంభవి.

ఉదయభాస్కర్ తల తిప్పి ఆమె వైపు చూసిన చూపు డాక్టరు కూడా గమనించాడు.

“తొక్కడమంటే?”

చెప్పింది. ఆదివారం, చాప మీద బోర్లా పడుకోవడం, మొదటిసారి పాదం ఆనించడం, రెండోసారి ఆవిడ గట్టిగా అంటే తను కొంచెం బరువు వెయ్యడం, అన్నీ చెప్పింది. చెప్తున్నంతసేపూ డాక్టరు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“దానివల్లేనాండీ?”

“చెప్పలేనమ్మా. అప్పటికే అది పుచ్చిపోయిన ఎముక. మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినా కుంగేదేమో. మీవల్ల కాదని చెప్పలేను, మీవల్లే అనీ చెప్పలేను.”

ఆ జవాబుతో ఏం చేసుకోవాలో శాంభవికి తెలియలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

“ఇప్పుడు వినండి,” అన్నాడు జయదేవ్. “నేను వీపు కొయ్యను. చర్మం మీద రెండు చిన్న గాట్లు. ఎక్స్‌రేలో చూసుకుంటూ ఎముకలోకి సూది దింపుతాను. సూది కొసలో వేడి పుట్టించి గడ్డని మాడుస్తాను. ఖాళీ అయిన చోట ఎముకల సిమెంటు ఎక్కిస్తాను. గడ్డ తగ్గితే నరం మీద ఒత్తిడి తగ్గుతుంది, సిమెంటు గట్టిపడితే ఎముక ఇంక కుంగదు. తర్వాత రేడియేషన్ ఎలాగూ ఉంది. కాన్సర్ పూర్తిగా పోతుందని చెప్పట్లేదు. తన కాళ్ళ మీద తను నడవడానికి మాత్రం ఇది మంచి అవకాశం. ఇవాళ మధ్యాహ్నం లోపల చెయ్యాలి.”

“చెయ్యండి సార్,” అన్నాడు ఉదయభాస్కర్.

“పూర్తి మత్తు ఇవ్వను. బల్ల మీద బోర్లా పడుకుని మెలకువగా ఉండాలి ఆవిడ. వేడి నరానికి తగుల్తోందంటే ముందు తెలిసేది ఆవిడకే. కాలు మండుతోందా అని నేనడిగితే వెంటనే చెప్పాలి. అందుకే ఆవిడకి జబ్బేంటో తెలిసి ఉండాలని మొదటిరోజే చెప్పాను. చెప్పామన్నారు మీరు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇందాక పరీక్ష చేస్తుంటే ఆవిడ నన్నడిగారు, డిస్క్ ఇంజెక్షన్‌కి ఇంత హడావుడి ఏంటని.”

ఉదయభాస్కర్ గోడ మీది కాలెండర్ చూస్తున్నాడు.

“లోపల నేను గడ్డ అంటాను, నర్సు ట్యూమర్ అంటుంది. ఏం గడ్డ అని ఆవిడ సగంలో ఉలిక్కిపడి కదిలితే సూది ఎక్కడికి పోతుందో నాకు తెలీదు. నేను చెయ్యను అలా. మీరు చెప్పండి. ఆవిడ నోటితో సరేననాలి.”

“చెప్పకపోతే?” అంది అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడిన వల్లి.

“ఆలస్యమైతే రెండో కాలు కూడా పట్టు తప్పొచ్చు. అప్పుడింక సూదితో అయ్యేది కాదు. వీపు కోసి ఎముక తియ్యాలి. దానికి పూర్తి మత్తు కావాలి. పోయినసారి కీమోతో ఆవిడ గుండె బలహీనపడింది. ఆ మత్తు తట్టుకోదు. అంటే ఇంక మంచమే.”

*

స్కానింగ్ గదుల పక్కన వరండాలో నలుగురూ నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎవరూ కూర్చోలేదు.

“ఇంకో డాక్టర్ని చూద్దాం,” అన్నాడు ఉదయభాస్కర్. “గుంటూరులో ఎవరో ఉన్నారన్నాడు మా మేనేజరు. చెప్పకుండా చేసేవాళ్ళు ఉంటారు.”

“మధ్యాహ్నం లోపలంటే గుంటూరెక్కడండీ?” అంది శాంభవి.

“నువ్వు మాట్లాడకు.”

“ఎందుకు మాట్లాడకూడదు వదిన?” అంది వల్లి. “నాలాగా పిచ్చిదాన్ని చెయ్యలేదుగా తనని. నాన్నగారూ, మీరు చెప్పండి. అమ్మకి మీరు చెప్తేనే బాగుంటుంది.”

నాగేశ్వరరావు చేతిరుమాలు మడత విప్పి మళ్ళీ మడిచారు.

“నేను చెప్పను.”

“ఎందుకు చెప్పరు?”

“మాటిచ్చాను.”

“ఎవరికి?”

“మీ అమ్మకే.”

వరండాలో ఒక స్ట్రెచర్ వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆయన ఆగారు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడడం పిల్లలు ఎప్పుడూ వినలేదు.

“పోయినసారి కీమోలు అయిపోయి ఇంటికొచ్చిన రోజున డాబా మీద కూర్చున్నాం. అప్పుడంది. ‘ఇది మళ్ళీ రావచ్చటగా. వస్తే నాకు చెప్పకండి. మొదటిసారి తెలిసినప్పుడు నేను బతికుండగానే చచ్చిపోయాను. ఇంకోసారి అలా వద్దు. నాకు తెలీకుండా చూసుకోండి, నేను మిమ్మల్ని ఏమీ అడగను’ అంది. ఒట్టు వెయ్యమంది. నా చెయ్యి తన తల మీద పెట్టుకుని వేయించుకుంది. మీరంతా నేను పిరికివాణ్ణనుకుంటున్నారు. అనుకోండి.”

ఉదయభాస్కర్‌కి కూడా ఆ సంగతి తెలియదు. ఇన్నాళ్ళూ తండ్రి వద్దన్నారని వద్దన్నాడు, అంతే. వల్లి గోడకి చేరబడి నిశ్శబ్దంగా ఏడ్చింది.

“అయితే చెప్పకూడదు,” అంది చివరికి. “అమ్మే వద్దన్నాక మనమెవరం?”

“అప్పుడావిడ అడిగింది చావు గురించి మావయ్యగారూ,” అంది శాంభవి. “ఇప్పుడిది కాళ్ళ గురించి. లోపల ఎంత ఉందో తెలీకపోయినా బతకొచ్చు. నడిచే అవకాశం ఉందని తెలీకుండా మంచాన పడితే ఎలా? అప్పుడు చెప్తారా? అప్పుడు ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగకుండా ఉంటారా?”

“నా చేతులతో చెప్పలేనమ్మా,” అన్నారు నాగేశ్వరరావు. కంగారులో నోటితో అనాల్సింది చేతులతో అన్నారు. ఎవరూ సరిదిద్దలేదు.

“నేను చెప్తాను.”

“నువ్వు చెయ్యాల్సింది చేశావు చాలు,” అన్నాడు ఉదయభాస్కర్.

ఆ మాట ఆమెకి తగిలింది. తగలాలనే అన్నాడు. అయినా ఆమె ఆగలేదు. నిజం చెప్పడం మంచిదన్న పెద్ద నమ్మకమేమీ కాదది. ఆదివారం నుంచి మోస్తోంది, ఇంక మొయ్యలేకపోయింది. వార్డు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

*

శాంతకుమారి కళ్ళు మూసుకుని పడుకున్నారు. చేతికి సెలైన్ ఎక్కుతోంది. అలికిడికి కళ్ళు తెరిచారు.

“వచ్చావా. ఎంతసేపటికి ఇస్తాడట ఇంజెక్షను?”

శాంభవి స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తలుపు దాకా అనుకున్నది ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

“అత్తయ్యగారూ, అది డిస్క్ కాదండీ.”

“మరి?”

“పాత జబ్బే. నడుం ఎముకలోకి వచ్చింది. అది ఎముకని తినేసి నరాన్ని నొక్కుతోంది. అందుకే కాలు లేవట్లేదు. కొయ్యకుండా సూదితో దాన్ని మాడ్చేసి సిమెంటు నింపుతారట. మీరు మళ్ళీ నడుస్తారు. కానీ ఇవాళే చెయ్యాలి, మీరు సరేననాలి.”

అన్నీ గబగబా చెప్పేసింది. చెప్పేసి ఆవిడ మొహం చూసింది. ఏడుస్తారనుకుంది, లేదా ఊరుకుంటారనుకుంది. శాంతకుమారి రెండూ చెయ్యలేదు. హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. తప్పు లెక్క చూసినప్పుడు కనుబొమలు ముడిచినట్టు ముడిచారు.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“స్కానింగ్ తీసినప్పట్నుంచి.”

“అంటే ఆదివారానికి ముందే.”

“అవునండీ.”

“మరి తెలిసి ఎందుకు తొక్కావు?”

శాంభవి చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

“చెప్పు. ఎముకలో కాన్సర్ ఉందని తెలిసిన మనిషి ఎవరైనా ఆ నడుం మీద కాలేస్తుందా? అందులోనూ చదువుకున్నదానివి. పిల్లలకి పాఠం చెప్పేదానివి.” ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. అదే శాంభవిని ఎక్కువ భయపెట్టింది. “తొక్కావు కాబట్టి నీకు తెలీదు. తెలీదు కాబట్టి ఇప్పుడు నువ్వు చెప్పేది అబద్ధం. నువ్వు తొక్కాక నా కాలు పోయింది. వాళ్ళంతా నిన్ను ఏదో అనుంటారు. తప్పు నీ మీద పడకుండా ఇంత మాట తెచ్చి నా నెత్తిన పెడతావా అమ్మాయ్?”

“కాదత్తయ్యగారూ.”

“ఒట్టు వెయ్యమంటే వేస్తావు కూడా. వద్దు. ఆయన్ని పిలువు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నాతో ఒక్క అబద్ధం ఆడలేదు.”

పిలవాల్సిన పని లేకపోయింది. తలుపు దగ్గర ముగ్గురూ నిలబడే ఉన్నారు. ఎంతవరకు విన్నారో ఏమో, వల్లి మొహం పాలిపోయి ఉంది. నాగేశ్వరరావు నాలుగడుగులు వేసి మంచం కాళ్ళ దగ్గరికి వచ్చారు.

“ఏమండీ, ఈ పిల్ల నాకు మళ్ళీ కాన్సర్ వచ్చిందంటోంది. నిజమేనా?”

ఆయన భార్య మొహంలోకి చూశారు. శాంభవి ఆయన మొహంలోకి చూసింది. ఒక్కసారి, ఒక్క తల ఊపు ఊపితే చాలని చూసింది. ఆ నిమిషంలో ఆమెకి కావలసింది అత్తగారి కాలో, తన మీద పడిన నింద పోవడమో ఆమెకే తెలియదు. రెండూ కావాలి.

“డిస్కే శాంతా,” అన్నారు నాగేశ్వరరావు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారాయన.

శాంతకుమారి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. మళ్ళీ తెరిచినప్పుడు మొహం తేటపడి ఉంది. కోడలి వైపు చూడలేదు.

“భాస్కరం, ఈవిణ్ణి బయటికి తీసుకెళ్ళు. వల్లీ, ఈ సూది తియ్యమని నర్సుకి చెప్పు. నాకే సిమెంట్లూ వద్దు. ఇంటికెళ్ళి పడుకుంటే అదే సర్దుకుంటుంది.”

“అన్నయ్యా, చెప్పు,” అంది వల్లి.

ఉదయభాస్కర్ తండ్రిని చూశాడు, భార్యని చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

“అమ్మా, వదిన చెప్పింది నిజమేనమ్మా.”

“నువ్వూరుకోవే. నీకెవరేం చెప్తే అదే పాడతావు. అంబులెన్స్‌లో కూడా నువ్వు లేవు, నీకేం తెలుసు? పట్టుకోండి, లేస్తాను.”

“లేవకూడదండీ అత్తయ్యగారూ,” అని శాంభవి ముందుకి వంగింది.

“నన్ను ముట్టుకోకు.”

ఆ గొంతుకి శాంభవి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. శాంతకుమారి సెలైన్ లేని చేత్తో మంచం పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకున్నారు. నడుం కదిలినందుకు పోటు పొడిచి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పట్టు వదల్లేదు. పొద్దునలాగే ముందు ఎడమకాలు దించుదామని చూశారు.

అందరూ ఆ కాలి వైపే చూస్తున్నారు.

దుప్పటి కదల్లేదు. ఆవిడ ఇంకోసారి ప్రయత్నించారు. భుజాలు బిగిశాయి, మెడ నరాలు పైకి లేచాయి. దుప్పటి కింద రెండు పాదాలూ పక్కపక్కనే అలాగే ఉన్నాయి.

ఆవిడ కమ్మీ వదిలేశారు. చాలాసేపు తన కాళ్ళ వైపే చూసి, తర్వాత భర్త వైపు తిరిగారు.

“ఏమండీ,” అన్నారు మెల్లగా. “డిస్క్ అయితే రెండు కాళ్ళూ పోతాయా?”